షట్టర్‌కు యజమాని తాళం వేస్తే: రాయ్‌పూర్‌లో దుకాణం అద్దెదారుకు ఉన్న హక్కులు, గడువులు

అద్దె పెంపు దగ్గరో, పాత బాకీ దగ్గరో యజమానికీ అద్దెదారుకూ మాట తేడా వస్తుంది. ఒకరోజు ఉదయం దుకాణం తెరవడానికి వచ్చేసరికి షట్టర్‌కు అద్దెదారు తాళం పక్కన మరో తాళం వేలాడుతుంటుంది. సరుకు, బిల్లు పుస్తకాలు, గల్లాపెట్టె అన్నీ లోపలే ఉండిపోతాయి. పనివాళ్లు బయట నిలబడి ఉంటారు. రోజూ వచ్చే ఖాతాదారు పక్క దుకాణం మెట్లెక్కుతాడు.

దేశంలోని ఏ వ్యాపార కేంద్రంలోనైనా ఎదురయ్యే పరిస్థితే ఇది. అయితే ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్‌లో దీనికి కొన్ని ప్రత్యేకతలున్నాయి. మాలవీయ రోడ్డు, గోల్ బజార్, పండ్రీ బట్టల మార్కెట్, గుఢియారీ వంటి వ్యాపార ప్రాంతాలున్న ఈ నగరానికి తెలుగువారితో సంబంధం కొత్తది కాదు. 1931లో పూర్తయిన రాయ్‌పూర్-విజయనగరం రైలు మార్గం ఉత్తరాంధ్రను ఇక్కడికి కలిపింది. రైల్వే ఉద్యోగాలకో, భిలాయ్ ఉక్కు కర్మాగారానికో, వ్యాపారానికో వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ ప్రాంతంలో ఉన్నాయి. వారికి తెలిసిన అద్దె చట్టం ఆంధ్రప్రదేశ్‌ది. రాయ్‌పూర్‌లో నడిచేది వేరే చట్టం.

తాళం విషయంలో చట్టం చెప్పేది మాత్రం అన్నిచోట్లా ఒకటే. అద్దె బాకీ ఉన్నా, ఒప్పందం గడువు ముగిసినా, కోర్టు లేదా అధికారం ఉన్న సంస్థ ఆదేశం లేకుండా అద్దెదారును దుకాణంలోంచి గెంటే హక్కు యజమానికి లేదు. ఈ హక్కుకు రెండు హద్దులు కూడా ఉన్నాయి. ఒకటి, అది తాళం తీయిస్తుందే తప్ప దుకాణాన్ని శాశ్వతంగా కట్టబెట్టదు. రెండు, దాన్ని వాడుకోవడానికి గడువులు చాలా తక్కువ.

యాజమాన్యం వేరు, స్వాధీనం వేరు

దుకాణం ఎవరిది అన్న ప్రశ్నకు జవాబు యజమాని పేరే. అది ఎవరి స్వాధీనంలో ఉంది అంటే మాత్రం అద్దెదారు పేరు చెప్పాలి. చట్టం ఈ రెంటినీ విడివిడిగా చూస్తుంది. యాజమాన్య హక్కు ఉన్నంత మాత్రాన మరొకరి స్వాధీనంలోని జాగాలోకి చొరబడే అధికారం రాదు.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 108వ సెక్షన్ ప్రకారం, అద్దె చెల్లిస్తూ ఒప్పందం షరతులు పాటిస్తున్న అద్దెదారు లీజు కాలమంతా ఆటంకం లేకుండా ఆస్తిని అనుభవించవచ్చు. కాగితంలో రాసుకోకపోయినా యజమాని ఈ హామీ ఇచ్చినట్టే లెక్క.

మరి అద్దె ఎగ్గొట్టిన అద్దెదారు సంగతేమిటి? అతడిని ఖాళీ చేయించే హక్కు యజమానికి ఉంటుంది. కానీ ఆ హక్కు అమలయ్యేది కోర్టు ద్వారానే, యజమాని చేతుల మీదుగా కాదు.

సుప్రీంకోర్టు ఈ మాటను పలుమార్లు చెప్పింది. పూర్వపు గ్వాలియర్ సంస్థానం ప్రాంతంలోని భూమిపై వచ్చిన లల్లూ యశ్వంత్ సింగ్ కేసులో, భూయజమాని అయినా బలవంతంగా స్వాధీనం చేసుకోకూడదని, తనకు రావలసినదాన్ని కోర్టు ద్వారానే తెచ్చుకోవాలని 1967లో స్పష్టం చేసింది. 1989లో కృష్ణ రామ్ మహాలే కేసులో మరో అడుగు ముందుకు వేసింది. స్థిరంగా స్వాధీనంలో ఉన్న వ్యక్తికి అక్కడ కొనసాగే హక్కు లేదనే అనుకున్నా సరే, చట్టప్రకారం తప్ప ఖాళీ చేయించకూడదని చెప్పింది. అదే ఏడాది, లక్నోలోని ప్రభుత్వ లీజు భూమికి సంబంధించిన మహారాజా ధర్మేందర్ ప్రసాద్ సింగ్ కేసులోనూ ఇదే సూత్రం వర్తించింది. లీజు రద్దయినా, గడువు తీరినా బలప్రయోగంతో వెనక్కి తీసుకునే అధికారం లీజు ఇచ్చినవారికి లేదని, ప్రభుత్వమైనా దీనికి మినహాయింపు కాదని కోర్టు తేల్చింది.

అందువల్ల ‘అద్దె రెండు నెలలు ఆగితే తాళం వేసుకోవచ్చు’ అని ఒప్పందంలో రాసుకున్నా, దాన్ని చూపించి యజమాని తనంతట తానే తాళం వేయడం చెల్లదు. అలాంటి షరతు ఖాళీ చేయించడానికి కోర్టులో వేసే కేసుకు ఆధారంగా పనికొస్తుంది, అంతవరకే.

రాయ్‌పూర్‌లో వర్తించే అద్దె చట్టం

రాయ్‌పూర్‌లో ప్రైవేటు దుకాణాలకు వర్తించేది ఛత్తీస్‌గఢ్ అద్దె నియంత్రణ చట్టం, 2011. హిందీ కాగితాల్లో దీన్ని ‘భాడా నియంత్రణ్ అధినియమ్’ అంటారు. ఉమ్మడి మధ్యప్రదేశ్ కాలం నుంచి నడిచిన 1961 నాటి వసతి నియంత్రణ చట్టం స్థానంలో ఇది వచ్చింది. నివాస గృహాలతో పాటు వ్యాపార స్థలాలూ దీని పరిధిలోకి వస్తాయి. ప్రభుత్వ శాఖలు, ప్రభుత్వ సంస్థల యాజమాన్యంలోని భవనాలు రావు.

ఈ చట్టం కింద వివాదాలను మొదట రెంట్ కంట్రోలర్ వింటారు. డిప్యూటీ కలెక్టర్ స్థాయికి తగ్గని అధికారి ఈ బాధ్యత చూస్తారు. ఆ తీర్పుపై రాయ్‌పూర్‌లోని అద్దె నియంత్రణ ట్రిబ్యునల్‌కు అప్పీలు చేసుకోవచ్చు. యజమాని, అద్దెదారుల హక్కులు, బాధ్యతలు చట్టానికి జతచేసిన షెడ్యూళ్లలో ఉన్నాయి.

ట్రిబ్యునల్ తర్వాత ఎక్కడికి వెళ్లాలన్న దానిపై ఒక పెద్ద మార్పు వచ్చింది. ట్రిబ్యునల్ తీర్పుపై నేరుగా సుప్రీంకోర్టుకే అప్పీలు ఉంటుందని చట్టంలోని 13(2) సెక్షన్ మొదట చెప్పింది. ఒక రాష్ట్ర శాసనసభ సుప్రీంకోర్టుకు కొత్త అప్పీలు అధికారాన్ని ఇవ్వగలదా అన్న ప్రశ్న రాజేంద్ర దీవాన్ కేసులో అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం ముందుకు వచ్చింది. ఆ అధికారం రాష్ట్రానికి లేదంటూ 2019 డిసెంబర్ 10న ధర్మాసనం ఆ సెక్షన్‌ను కొట్టివేసింది. ఇప్పుడు ట్రిబ్యునల్‌లో ఓడినవారు రాజ్యాంగంలోని 226, 227 అధికరణాల కింద బిలాస్‌పూర్‌లోని హైకోర్టును ఆశ్రయించాలి. ఢిల్లీ దాకా పోలేని చిన్న వ్యాపారికి ఇది ఒక రకంగా ఊరట.

ఈ చట్టంలో అద్దెదారు తప్పక తెలుసుకోవలసిన అంశం మరొకటి ఉంది. రెండో షెడ్యూలు ప్రకారం యజమాని ఆరు నెలల రాతపూర్వక నోటీసు ఇచ్చి, కారణం చెప్పకుండానే ఖాళీ చేయమని కోరవచ్చు. ఆ తర్వాత కనీసం 12 నెలల పాటు అదే జాగాను ఎక్కువ అద్దెకు ఇవ్వకూడదన్నది షరతు. వయోవృద్ధులు, వితంతువులు, ప్రభుత్వ ఉద్యోగుల వంటి కొన్ని వర్గాల యజమానులు తమ సొంత వాడకం కోసం అడిగితే ఈ నోటీసు కాలం ఒక నెలే.

దీని ప్రభావం ఇద్దరిపైనా ఉంటుంది. కారణం చూపనక్కరలేని దారి చట్టమే ఇచ్చినప్పుడు, తాళం పట్టుకుని షట్టర్ దగ్గరికి వెళ్లడానికి యజమానికి సాకు ఉండదు. తాళం తీయించుకున్న అద్దెదారు కూడా, ఆరు నెలల నోటీసు తన తలుపు తట్టవచ్చని గుర్తుంచుకుని మరో జాగా చూసుకోవడం మంచిది.

ముందుగా తేల్చుకోవలసింది: తాళం ఎవరు వేశారు?

షట్టర్ మీద కనిపించిన ప్రతి తాళమూ యజమానిది కాకపోవచ్చు. వేసింది ఎవరన్నదాన్ని బట్టి వెళ్లవలసిన చోటు మారుతుంది.

యజమాని రుణం తీర్చకపోతే బ్యాంకు సర్ఫేసీ చట్టం, 2002 కింద భవనాన్ని స్వాధీనం చేసుకోవచ్చు. అప్పుడు అద్దెదారు సివిల్ కోర్టుకు కాక, ఆ చట్టంలోని 17వ సెక్షన్ కింద 45 రోజుల్లోగా రుణ వసూళ్ల ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. ఛత్తీస్‌గఢ్ కేసులు జబల్‌పూర్ ట్రిబ్యునల్ పరిధిలోకి వస్తాయి. 2016 సవరణతో చేరిన 17(4ఎ) సెక్షన్ అద్దెదారు హక్కును పరిశీలించే అధికారాన్ని ట్రిబ్యునల్‌కు ఇచ్చింది. తనఖాకు ముందే అద్దెకు దిగినట్టు చూపించే కాగితం ఇక్కడ కీలకం.

మున్సిపల్ కార్పొరేషన్ అధికారులు అక్రమ నిర్మాణమనో, పన్ను బాకీ అనో సీలు వేస్తే అది వేరే వివాదం. అద్దెదారు ఆ సీలును ముట్టుకోకూడదు. ఉత్తర్వు ప్రతి తీసుకుని, దానిపై అప్పీలుకో రిట్ పిటిషన్‌కో వెళ్లాలి. కార్పొరేషన్ సొంత దుకాణాల్లో అద్దెకు ఉన్నవారిని ఖాళీ చేయించడానికి 1974 నాటి లోక్ పరిసర్ (బేదఖలీ) చట్టం ఉంది. రైల్వే వంటి కేంద్ర సంస్థల స్థలాలకు 1971 నాటి ప్రభుత్వ ఆవరణల చట్టం వర్తిస్తుంది. ఈ రెండు చట్టాల్లోనూ నోటీసు ఇచ్చి, వాదన విన్న తర్వాతే ఖాళీ చేయించాలి.

ఇక్కడి నుంచి చెప్పేదంతా ప్రైవేటు యజమాని వేసిన తాళం గురించి.

మొదటి రోజు చేయాల్సినవి

తాళం పగలగొట్టాలన్న ఆవేశాన్ని ముందు అణచుకోవాలి. పగలగొడితే దొంగతనం, విధ్వంసం అంటూ ఎదురు ఫిర్యాదు వస్తుంది. బాధితుడు కాస్తా నిందితుడవుతాడు.

ఆ రోజే షట్టర్, రెండు తాళాలు, బోర్డు, మీటరు కనబడేలా ఫొటోలు, వీడియో తీయాలి. పక్క దుకాణాల సీసీటీవీలో ఉన్న దృశ్యాలు కొద్ది రోజుల్లో చెరిగిపోతాయి కాబట్టి వాటిని భద్రపరచమని వెంటనే రాతపూర్వకంగా కోరాలి. ఎలక్ట్రానిక్ ఆధారాలను కోర్టులో దాఖలు చేయడానికి భారతీయ సాక్ష్య అధినియమ్, 2023లోని 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం అవసరం. అందుకే వీడియో తీసిన ఫోన్‌ను మార్చకుండా, అసలు ఫైలు చెరపకుండా ఉంచుకోవాలి.

దుకాణం తన స్వాధీనంలోనే ఉందని చూపే కాగితాలన్నీ ఒకచోట చేర్చాలి. కిరాయానామా, అద్దె చెల్లించిన బ్యాంకు లావాదేవీలు, ఆ చిరునామాతో ఉన్న జీఎస్టీ రిజిస్ట్రేషన్ ధ్రువపత్రం, అక్కడివాళ్లు ‘గుమాస్తా’ అని పిలిచే దుకాణాల రిజిస్ట్రేషన్, కరెంటు బిల్లులు, సరుకు వచ్చిన చలాన్లు ఇందుకు పనికొస్తాయి. అద్దెను చేతికి నగదుగా ఇచ్చి రసీదు తీసుకోనివారు ఎక్కువగా ఇబ్బంది పడేది ఇక్కడే.

ఆ తర్వాత యజమానికి రాతపూర్వక నోటీసు పంపాలి. తాళం ఎప్పుడు వేశారు, లోపల ఏ సరుకు ఉంది, అందులో పాడైపోయేది ఏమిటి, ఎన్ని గంటల్లో తాళం తీయాలి అన్నవి అందులో ఉండాలి. స్పీడ్ పోస్టుతో పాటు వాట్సాప్‌లోనూ, ఈమెయిల్‌లోనూ పంపితే తేదీకి తిరుగులేని ఆధారం దొరుకుతుంది. గడువులన్నీ ఆ తేదీ చుట్టూనే తిరుగుతాయి.

దుకాణం మూతబడినా జీఎస్టీ రిటర్నుల గడువు ఆగదు. లెక్కల పుస్తకాలు లోపలే ఉండిపోయాయన్న విషయాన్ని పన్ను సలహాదారుకు ముందే చెప్పి ఉంచాలి.

‘ఇది సివిల్ వివాదం’ అని పోలీసులు అంటే

అద్దె గొడవ అనగానే పోలీస్ స్టేషన్‌లో తరచుగా వినిపించే మాట ఇది. అద్దె ఎంత, బాకీ ఎంత అన్నది నిజంగానే సివిల్ వివాదం. అద్దె కట్టకపోవడం దానంతట అదే నేరం కాదని 2022లో నీతూ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అద్దె బాకీ పేరుతో యజమాని పెట్టే మోసం కేసు నుంచి ఈ తీర్పు అద్దెదారును కాపాడుతుంది.

కానీ తాళం వేయడం, లోపలికి చొరబడటం, సరుకు తరలించడం, బెదిరించడం వేరు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 126వ సెక్షన్ అక్రమ అడ్డగింతకు, 303 దొంగతనానికి, 324 ఆస్తి విధ్వంసానికి, 329 అక్రమ ప్రవేశానికి, 351 నేరపూరిత బెదిరింపునకు సంబంధించినవి. అక్రమ ప్రవేశంలో ఆస్తి ఎవరి పేరున ఉందన్నది ప్రశ్న కాదు, ఎవరి స్వాధీనంలో ఉందన్నదే ప్రశ్న. దొంగతనానికీ అదే కొలమానం. సరుకు నిల్వ ఉంచే భవనంలోకి చొరబడితే అది గృహ అక్రమ ప్రవేశం కిందికి వస్తుంది. బయటి నుంచి తాళం వేసి ఊరుకుంటే మాత్రం ప్రవేశం జరిగినట్టు కాదు. కాబట్టి ఫిర్యాదులో జరిగినదాన్ని జరిగినట్టే రాయాలి. అతిశయోక్తి కేసును బలహీనపరుస్తుంది.

స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోకపోతే భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 173(4) సెక్షన్ కింద ఆ ఫిర్యాదు సారాంశాన్ని ఎస్పీ స్థాయి అధికారికి పోస్టులో పంపవచ్చు. అక్కడా ఫలితం లేకపోతే మేజిస్ట్రేట్‌ను ఆశ్రయించవచ్చు. ఎఫ్ఐఆర్ నమోదు కాకపోయినా ఫిర్యాదు అందినట్టు ముద్ర వేసిన ప్రతి విలువైనదే. తాళం తేదీకి అది ప్రభుత్వ రికార్డు.

రెండు నెలల దారి

గొడవ చేయి దాటి శాంతిభద్రతల సమస్య అయ్యేలా ఉంటే ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ జోక్యం చేసుకోవచ్చు. పాత నేర స్మృతిలో 145వ సెక్షన్‌గా ఉన్నది ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహితలో 164వ సెక్షన్. భూమితో పాటు భవనాలు, మార్కెట్లు కూడా దీని పరిధిలో ఉన్నాయి.

పోలీసు నివేదికో, సమాచారమో మేజిస్ట్రేట్‌కు అందిన తేదీకి ముందు రెండు నెలల లోపు ఎవరినైనా బలవంతంగా, అక్రమంగా తొలగించి ఉంటే, వారే ఇంకా స్వాధీనంలో ఉన్నట్టు పరిగణించి తిరిగి అప్పగించే అధికారం మేజిస్ట్రేట్‌కు ఉంది. హక్కు ఎవరిదన్నది ఇక్కడ తేల్చరు. శాంతికి భంగం కలిగే పరిస్థితి లేదనుకుంటే మేజిస్ట్రేట్ జోక్యం చేసుకోకపోవచ్చు. కాబట్టి ఈ ఒక్క దారినే నమ్ముకుని రోజులు గడపకూడదు.

ఆరు నెలల దారి

అద్దెదారు చేతిలోని అసలైన సాధనం నిర్దిష్ట పరిహార చట్టం, 1963లోని 6వ సెక్షన్. తన సమ్మతి లేకుండా, చట్టబద్ధ ప్రక్రియ లేకుండా స్థిరాస్తి నుంచి తొలగింపునకు గురైన వ్యక్తి ఆరు నెలల్లోగా దావా వేసి స్వాధీనాన్ని తిరిగి పొందవచ్చు.

ఇందులో రుజువు చేయాల్సినవి తక్కువ. తాను స్వాధీనంలో ఉన్నానని, తన ఇష్టం లేకుండా తొలగించారని, అది చట్టప్రకారం జరగలేదని, అప్పటికి ఆరు నెలలు దాటలేదని చూపితే చాలు. ‘ఆస్తి నాది’ అన్న యజమాని వాదన ఇక్కడ చెల్లదు. తీర్పుపై అప్పీలు ఉండదు, పునఃసమీక్ష ఉండదు. పరిమిత కారణాలతో హైకోర్టులో రివిజన్‌కు మాత్రమే అవకాశం ఉంటుంది. ఓడిన యజమాని తన హక్కు నిరూపించుకోవడానికి విడిగా దావా వేసుకోవచ్చు, దానికి ఈ తీర్పు అడ్డురాదు. ప్రభుత్వంపై మాత్రం ఈ సెక్షన్ కింద దావా కుదరదు.

ఆరు నెలలు దాటితే ఈ దారి మూసుకుపోతుంది. పెద్దమనుషుల్లో పెట్టి మాట్లాడుకుందాం, దీపావళి అయ్యాక చూద్దాం అంటూ యజమాని వాయిదా వేసే ప్రతి వారమూ ఈ గడువులోంచే తరుగుతుంది. రాజీ మాటలు సాగుతున్నా దావా కాగితాలు సిద్ధంగా ఉంచుకోవాలి.

తీర్పుదాకా ఆగకుండా తాళం తీయించే మార్గం

దావా తేలేసరికి ఏళ్లు పడితే గెలిచినా లాభం ఉండదు. అందుకే మధ్యంతర ఉత్తర్వు ముఖ్యం. యజమాని రెండో తాళం వేసినా అద్దెదారు తాళం అలాగే ఉండి, సరుకు లోపలే ఉంటే, స్వాధీనం పూర్తిగా పోలేదని వాదించడానికి అవకాశం ఉంటుంది. అప్పుడు అడ్డంకి తొలగించాలని, ఇకపై జోక్యం చేసుకోకూడదని ఇంజంక్షన్ కోరవచ్చు. యజమాని లోపలికి దిగి సొంత తాళం మాత్రమే ఉంచితే 6వ సెక్షన్ దావాయే సరైనది. ఏది ఎంచుకోవాలన్నది షట్టర్ ఫొటోను బట్టి న్యాయవాది నిర్ణయించాల్సిన విషయం.

గొడవకు ముందున్న స్థితిని పునరుద్ధరించేందుకు తాత్కాలిక దశలోనే ఆదేశం ఇవ్వవచ్చని 1990లో దొరాబ్ కవాస్‌జీ వార్డెన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే బలమైన కేసు ఉండాలి, ఆదేశం ఇవ్వకపోతే పూడ్చలేని నష్టం జరగాలి. పాడైపోయే సరుకు, ముంచుకొస్తున్న పండగ అమ్మకాలు, పనివాళ్ల జీతాలు వంటివి ఈ దశలో లెక్కలతో సహా చూపాలి. కోర్టు నియమించే కమిషనర్ సమక్షంలో తాళం తీసి సరుకు జాబితా రాయించమని కూడా కోరవచ్చు. ఏం పోయింది, ఏం మిగిలింది అన్న తర్వాతి తగాదాను ఆ జాబితా చాలావరకు తగ్గిస్తుంది.

పూర్తిగా వ్యాపారానికే వాడే స్థిరాస్తి ఒప్పందాలపై వివాదం విలువ 3 లక్షల రూపాయలు, అంతకు మించితే కమర్షియల్ కోర్టుల చట్టం, 2015 పరిధిలోకి వస్తుంది. ఈ కోర్టుల్లో దావాకు ముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి అని 2022లో పాటిల్ ఆటోమేషన్ తీర్పు స్పష్టం చేసింది. అత్యవసర మధ్యంతర ఉత్తర్వు కోరే దావాకు మాత్రం మినహాయింపు ఉంది. తాళం కేసు స్వభావరీత్యా ఆ మినహాయింపు కోరదగినదే. ఏ కోర్టుకు వెళ్లినా ‘ఇది రెంట్ కంట్రోలర్ వినాల్సిన విషయం’ అన్న అభ్యంతరం వస్తుందని ముందే ఊహించి, దావా అద్దె గురించి కాదని, బలవంతపు తొలగింపు గురించని పిటిషన్‌లో స్పష్టంగా రాయించుకోవాలి.

న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేని అద్దెదారు జిల్లా న్యాయ సేవల ప్రాధికార సంస్థను సంప్రదించవచ్చు. మహిళలు, ఎస్సీ, ఎస్టీ వర్గాలవారు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. జాతీయ హెల్ప్‌లైన్ నంబరు 15100.

సరుకు, కరెంటు, అద్దె

బాకీ తీరేదాకా సరుకు ఇవ్వనని యజమాని అనడం చెల్లదు. అద్దె బాకీకి బదులు అద్దెదారు సరుకును తనకు తానుగా పట్టి ఉంచుకునే హక్కును ఆస్తి బదిలీ చట్టం యజమానికి ఇవ్వలేదు. బ్రిటిష్ కాలంలో కలకత్తా, మద్రాసు వంటి ప్రెసిడెన్సీ నగరాలకు 1882 చట్టం ఇచ్చిన జప్తు ప్రక్రియ కూడా కోర్టు వారెంటుతో సాగేదే. సరుకు వాపసు కోసం నిర్దిష్ట పరిహార చట్టంలోని 7, 8 సెక్షన్ల కింద దావా వేయవచ్చు. తాళం వల్ల వచ్చిన నష్టానికి పరిహారం విడిగా అడగాలి. 6వ సెక్షన్ దావా ఇప్పించేది స్వాధీనాన్ని మాత్రమే.

తాళానికి బదులు కరెంటు తీయించే యజమానులూ ఉంటారు. విద్యుత్ చట్టం, 2003లోని 43వ సెక్షన్ ప్రకారం యజమానితో పాటు ఆ జాగాలో ఉంటున్నవారు కూడా కనెక్షన్ కోరవచ్చు. యజమాని నిరభ్యంతర పత్రం ఇవ్వలేదన్న కారణంతో అద్దెదారుకు కరెంటు నిరాకరించకూడదని 2022 మేలో దిలీప్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

తాళం వేశారు కదా అని అద్దె ఆపేయడం మాత్రం తెలివైన పని కాదు. యజమాని చేతికి బాకీ అనే ఆయుధం అందుతుంది. కొవిడ్ లాక్‌డౌన్‌లో ఢిల్లీ ఖాన్ మార్కెట్‌లోని ఒక దుకాణం అద్దెదారు అద్దె నిలిపివేతకు అనుమతి కోరితే, 2020 మేలో రామానంద్ కేసులో ఢిల్లీ హైకోర్టు తిరస్కరించింది. తాళానికి ముందు కాలపు బాకీ ఉంటే బ్యాంకు ద్వారా కట్టేసి, తాళం పడ్డ రోజుల అద్దెపై అభ్యంతరాన్ని రాతలో నమోదు చేయడం సురక్షితం. చేతులు శుభ్రంగా ఉన్న అద్దెదారుకే మధ్యంతర ఉత్తర్వు త్వరగా దొరుకుతుంది.

కాగితం బలం

ఏడాదికి మించిన లీజును రిజిస్టర్ చేయించాలి. స్టాంపు ఖర్చుకు వెనకాడి 11 నెలల ఒప్పందాలు రాసుకుంటూ, అవి ముగిసినా మళ్లీ రాసుకోకుండా ఏళ్ల తరబడి కొనసాగడం అన్ని నగరాల్లోనూ కనిపిస్తుంది. రిజిస్టర్ కాని లీజు పత్రంలోని షరతులను కోర్టులో అమలు చేయించుకోవడం కష్టం. అయితే అద్దెదారు ఏ హోదాలో స్వాధీనంలో ఉన్నాడో చూపడానికి ఆ పత్రం పనికొస్తుంది. తాళం కేసులో కావలసిందీ అదే.

ఒప్పందానికి ‘లీవ్ అండ్ లైసెన్స్’ అని పేరు పెట్టినంత మాత్రాన అద్దెదారు హక్కు పోదు. ఢిల్లీలోని ఇంపీరియల్ హోటల్‌లో క్షౌరశాల నడిపిన వ్యక్తి కేసులో, పత్రంలో లైసెన్స్ అని రాసి ఉన్నా ఆ గదులు పూర్తిగా అతని స్వాధీనంలోనే ఉన్నాయి కాబట్టి అది లీజేనని 1959లో సుప్రీంకోర్టు తేల్చింది. మాల్‌లో కియోస్క్‌కూ, సొంత షట్టర్ ఉన్న దుకాణానికీ తేడా వచ్చేది ఈ కొలత దగ్గరే.

ఇతర చోట్ల ఎలా ఉంది?

తెలంగాణలో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ఉన్నా, 2005 సవరణ తర్వాత మున్సిపల్ కార్పొరేషన్ల పరిధిలో నెల అద్దె 3,500 రూపాయలు దాటిన భవనాలకు అది వర్తించదు. హైదరాబాద్‌లో నేటి అద్దెలకు దుకాణం తగాదాలు ఎక్కువగా సివిల్ కోర్టులకే వెళ్లాల్సి వస్తుంది. 6వ సెక్షన్ మాత్రం అక్కడా ఇక్కడా ఒకటే.

విదేశాల్లోని తెలుగు వ్యాపారులకు ఈ సూత్రాలు వర్తించవు. ఇంగ్లండ్‌లో వ్యాపార లీజులో తగిన షరతు ఉంటే, అద్దె బాకీ పడ్డ దుకాణం తాళాన్ని యజమాని గొడవ లేకుండా మార్చి లీజును ముగించే వీలుంది. అమెరికాలోని టెక్సస్‌లో బాకీపడ్డ వ్యాపార అద్దెదారు తాళం మార్చి, కొత్త తాళంచెవి ఎక్కడ దొరుకుతుందో తలుపు మీద నోటీసు అంటించడానికి ఆస్తి చట్టమే అనుమతిస్తుంది. ఇంటర్నెట్‌లో దొరికే ఇలాంటి నోటీసుల నమూనాలు చూసి రాయ్‌పూర్‌లో తాళం వేసే యజమాని, వాటిని నమ్మి వెనక్కి తగ్గే అద్దెదారు ఇద్దరూ పొరపాటు పడ్డట్టే.

భారత చట్టం యజమాని నోటీసు హక్కునూ, అద్దెదారు స్వాధీనాన్నీ రెంటినీ గుర్తిస్తుంది. ఒక హక్కును రెండోదాని మీద బలంగా రుద్దడాన్ని మాత్రం ఒప్పుకోదు. అయితే స్వాధీనానికి రక్షణ కావాలంటే అద్దెదారు గడువులోగా అడగాలి. తాళం పడ్డ తేదీ నుంచి మేజిస్ట్రేట్ దగ్గర రెండు నెలలు, సివిల్ కోర్టులో ఆరు నెలలు. రాయ్‌పూర్ దుకాణదారు గోడ మీది క్యాలెండర్‌లో ముందుగా గుర్తు పెట్టుకోవలసినవి ఈ రెండు తేదీలే.